దేనితో భాగిస్తున్నాం?



ఎవరి పేరిట కుటుంబ సభ్యులు నెలకొల్పిన స్మారక నిధి ఈ ఉపన్యాసం జరుపుతోందో ఆ మాస్టారు నాకు నేలల శాస్త్రం చెప్పారు. తరగతిలో ఎవరైనా లేచి "వరి పొలంలో నత్రజని ఇంత శాతం నష్టమవుతుందండీ" అంటే ఆయన "ఏ పొలంలో?" అని అడిగేవారు. జవాబు లేకపోతే కూర్చోమనేవారు. నాకంటే ఆయన్ను దగ్గరగా ఎరిగినవారు ఈ సభలోనే ఉన్నారు కాబట్టి ఆయన గుణగణాలు చెప్పే పని వారికే వదిలేస్తాను. ఆయన ప్రశ్నను మాత్రం అరువు తీసుకుంటాను.

1990 ప్రాంతంలో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఒక అంచనా ప్రకటించింది. భారతదేశపు వరి పొలాల నుంచి ఏటా 3 కోట్ల 78 లక్షల టన్నుల మీథేన్ గాలిలో కలుస్తోందట. యూరప్‌లో, అమెరికాలో కొన్ని పొలాల్లో తీసిన కొలతలను మన 4 కోట్ల 20 లక్షల హెక్టార్ల వరితో గుణిస్తే వచ్చిన అంకె అది. అదే రోజుల్లో వాషింగ్టన్‌లోని వరల్డ్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్ ఒక నివేదిక తెచ్చి, భూమిని వేడెక్కిస్తున్న తొలి 5 దేశాల్లో భారత్‌ను చేర్చింది. అందులో మన వరికీ మన పశువులకూ పెద్ద వాటా కట్టారు.

దీనికి మన దగ్గర నుంచి రెండు జవాబులు వెళ్లాయి. మొదటిది అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ 1991లో రాసిన చిన్న పుస్తకం. పేదవాడి బతుకు కోసం వెలువడే వాయువునూ ధనికుడి విలాసం కోసం వెలువడే వాయువునూ ఒకే తక్కెడలో ఎలా తూస్తారని వారు అడిగారు. అది చాలా పేరు తెచ్చుకుంది. రెండో జవాబు గురించి అంతగా చెప్పుకోరు. అశేష్ ప్రసాద్ మిత్ర అనే భౌతిక శాస్త్రవేత్త ఉండేవారు. వాతావరణపు పై పొర అయనోస్ఫియర్ ఆయన రంగం. వరికీ ఆయనకూ సంబంధం లేదు. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల కేంద్రంగా, దేశంలోని అనేక సంస్థలను కలుపుకొని, 1991లో ఆయన నేతృత్వంలో మన పొలాల్లోనే మీథేన్‌ను కొలిచారు. వరి దుబ్బుల మీద పారదర్శకమైన పెట్టె బోర్లించి, కొన్ని నిమిషాలకోసారి సిరంజితో గాలి తీసి, ప్రయోగశాలలో పరీక్షించడం పద్ధతి. అన్నీ కూడితే తేలింది సుమారు 40 లక్షల టన్నులు. అమెరికా అంచనాలో ఇది తొమ్మిదో వంతు. ఆ తర్వాత భారత ప్రభుత్వం ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన నివేదికల్లోనూ అంకె ఆ చుట్టుపక్కలే ఉంది. 2016 సంవత్సరానికి లెక్క సుమారు 34 లక్షల టన్నులు.

తేడా ఎక్కడ వచ్చింది? "ఏ పొలంలో?" అని అడగకపోవడం వల్ల వచ్చింది. మన వరిలో పెద్ద భాగం వాన మీద ఆధారపడ్డది. ఒక వారం నీరుంటుంది, ఒక వారం నేల బయటపడుతుంది. సేంద్రియ పదార్థం తక్కువ ఉన్న నేలలు. సీజనంతా మోకాటి లోతు నీళ్లలో నిలబడే వరి మన దేశంలో అంతా కాదు. వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ 2019లో సవరించిన పట్టిక చూడండి. నిరంతరం నీరు నిలిచిన ఒక హెక్టారు వరి నుంచి రోజుకు వచ్చే మీథేన్ యూరప్‌లో 1.56 కిలోలు, తూర్పు ఆసియాలో 1.32, ఆగ్నేయాసియాలో 1.22, దక్షిణాసియాలో 0.85, ఉత్తర అమెరికాలో 0.65. ఒకే పంట, ఒకే వాయువు. యూరప్‌కూ మనకూ ఇంచుమించు రెట్టింపు తేడా.

ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఆహారం నుంచి వచ్చే మీథేన్‌ను ప్రాంతాలవారీగా పోల్చేటప్పుడు ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. ఎక్కడ కొలిచారు? దేనితో భాగించారు? ఇవి తేల్చకుండా చేసే పోలికలో శాస్త్రం ఉండదు, పేచీ మాత్రమే ఉంటుంది. మనకు అనుకూలంగా వచ్చిన పోలికకూ ఇదే వర్తిస్తుంది.

విద్యార్థుల కోసం రెండు ముక్కలు. గాలి చొరబడని చోట సేంద్రియ పదార్థం కుళ్లితే మీథేన్ పుడుతుంది. నెమరు వేసే పశువు మొదటి పొట్ట అలాంటి చోటు. నీరు నిలిచిన మడి అడుగు, పేడ నీళ్ల గుంట, చెత్త గుట్ట లోపలి భాగం కూడా అలాంటివే. కాబట్టి పొలం నుంచి పళ్లెం దాకా, పళ్లెం నుంచి డంపింగ్ యార్డు దాకా ఆహారపు దారి పొడుగునా ఇది తగులుతూనే ఉంటుంది. గాలిలోకి చేరాక సుమారు 12 ఏళ్లలో చాలావరకు కరిగిపోతుంది. ఉన్నంతకాలం మాత్రం తీవ్రంగా వేడి పట్టి ఉంచుతుంది. టన్నుకు టన్ను చూస్తే, 20 ఏళ్ల లెక్కలో బొగ్గుపులుసు వాయువుకు దాదాపు 80 రెట్లు, నూరేళ్ల లెక్కలో 27 రెట్లు. మనుషుల పనుల వల్ల వెలువడే మీథేన్‌లో వ్యవసాయానిది 40 శాతం, చెత్త, మురుగునీటిది 20 శాతం, బొగ్గు, చమురు, సహజవాయువులది 35 శాతం దాకా ఉంటుందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2021లో లెక్క తేల్చింది. వ్యవసాయంలో సింహభాగం పశువులది, తర్వాత వరిది.

ముందు పశువు దగ్గరికి వెళదాం.

ఐపీసీసీ 2006లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, సొంత కొలతలు లేని దేశాలు వాడుకోవడానికి ఒక పట్టిక పెట్టారు. ఉత్తర అమెరికా పాడి ఆవు ఏడాదికి 128 కిలోల మీథేన్ త్రేన్చుతుంది. పశ్చిమ యూరప్ ఆవు 117 కిలోలు. మన ఉపఖండపు ఆవు 58. ఆఫ్రికా ఆవు 46. ఇక్కడ ఆపేస్తే మనం గెలిచాం. మన ఉపన్యాసాలు చాలావరకు ఇక్కడే ఆగుతాయి కూడా. అదే పట్టికలో పాల దిగుబడి కూడా ఉంది. ఉత్తర అమెరికా ఆవు ఏడాదికి 8,400 కిలోలు, పశ్చిమ యూరప్ ఆవు 6,000, మనది 900, ఆఫ్రికాది 475. ఇప్పుడు భాగించండి. కిలో పాలకు అమెరికాలో 15 గ్రాముల మీథేన్, యూరప్‌లో 20 లోపు, మన దగ్గర 64, ఆఫ్రికాలో 97. గెలిచినవాళ్లం ఓడిపోయాం. ఆ తర్వాత మన దిగుబడులు పెరిగాయి, అంకెలు కొంత మారాయి. వరస మాత్రం మారలేదు.

విదేశీ నిపుణులు చాలామంది ఇక్కడ ఆగుతారు. మనం ఇంకొంచెం ముందుకు పోదాం. ఆవు నోటి నుంచి వచ్చేదే కాదు, వెనక నుంచి పడే పేడ కూడా లెక్కలోకి రావాలి. అమెరికాలోని పెద్ద డెయిరీల్లో పేడను నీళ్లతో కడిగి చెరువుల్లాంటి గుంటల్లోకి తోస్తారు. అక్కడ గాలి ఆడదు. మన దగ్గర పేడ దిబ్బలో ఎండుతుంది, పిడక అవుతుంది, పొలంలో పడుతుంది. అదే మార్గదర్శకాల ప్రకారం ఉత్తర అమెరికా పాడి ఆవు పేడ నుంచి వచ్చే మీథేన్ చల్లటి ప్రాంతాల్లో ఏడాదికి 48 కిలోలు, వేడి ప్రాంతాల్లో 112. మన ఆవు పేడది 5 లేక 6. దీన్నీ కలిపి భాగిస్తే, వేడి ప్రాంతపు అమెరికా ఆవు కిలో పాలకు 29 గ్రాములకు చేరుతుంది, మనది 71 అవుతుంది. నాలుగు రెట్ల తేడా రెండున్నర రెట్లకు దిగింది. తేడా పోలేదు, కానీ ఒక్క పేడను కలిపితేనే ఇంత మారింది. కాలిఫోర్నియా రాష్ట్రం 2016లో చట్టం చేసి, డెయిరీల పేడ మీథేన్‌ను 2013 స్థాయి కంటే 2030 నాటికి 40 శాతం తగ్గించాలని లక్ష్యం పెట్టుకున్నది ఇందుకే. వాళ్ల జబ్బు గుంటలో ఉంది. మనది మందలో ఉంది.

మందలో అంటే ఎక్కడ? పాలిచ్చే గేదె ఒక్కటే మేయదు. దాని వెనక వట్టిపోయిన గేదె, చూడికి రాని పడ్డ, పెరుగుతున్న పెయ్య, అమ్ముడుపోని ముసలి ఎద్దు, అన్నీ మేస్తాయి, అన్నీ త్రేన్చుతాయి. మన ముర్రా పడ్డ మొదటి ఈత ఈనేసరికి మూడున్నరేళ్లు దాటడం మామూలు. హోల్‌స్టీన్ పెయ్య రెండేళ్లకే ఈనుతుంది. పాల చుక్క లేకుండా గడిచే ఆ ఏడాదిన్నర మీథేన్ అంతా లీటరు లెక్కలో కలుస్తుంది. అందువల్ల మన పల్లెలో మీథేన్ తగ్గించే మొదటి మనిషి, పశువులను చూడి కట్టించే గోపాలమిత్ర అని నా నమ్మకం. సకాలంలో చూడి కట్టించడం, గాలికుంటుకు టీకా, ఖనిజ లవణాల మిశ్రమం, వరిగడ్డితో పాటు కాస్త పచ్చిమేత. ఇవేవీ వాతావరణ పథకాలుగా ఎవరూ చెప్పరు. యూరప్‌లో అనుమతి పొందిన మీథేన్ నిరోధక మందు రోజూ దాణాలో కలిపి పెట్టాలి. పొద్దున విడిచి సాయంత్రం కట్టేసే మన పశువుకు అది కుదిరే పని కాదు. బెంగళూరులోని జాతీయ పశుపోషణ సంస్థ టానిన్లున్న మొక్కలతో 'హరిత్ ధార' అనే మిశ్రమం తయారుచేసింది. 17 నుంచి 20 శాతం తగ్గుతుందని వారి మాట. చవకగా, ఊళ్లో దొరికితే మంచిదే.

లీటరుతో భాగించడంలోనూ ఒక అన్యాయం ఉంది. పశువు పాల యంత్రం మాత్రమే కాదు. పేడ ఇస్తుంది, కరువులో అమ్ముకుంటే బియ్యం గింజలవుతుంది. ఇథియోపియా పశుపాలకుడికి మంద అంటే బ్యాంకు ఖాతా. వానలు పడని ఏడు అతను దాన్నే తీసి తింటాడు. కిలో పాలకు 97 గ్రాములని అతని మీద వేసిన అంకెలో ఈ సేవలన్నిటికీ విలువ సున్నా. ఈ వాదన మనమూ చేస్తాం, ఎద్దు దుక్కి దున్నుతుంది కదా అంటాం. నిజమే, ఒకప్పుడు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో అరక పోయి ట్రాక్టర్ వచ్చి చాలా ఏళ్లయింది. వాదన మాత్రం ఇంకా ఎద్దు భుజాన్నే నడుస్తోంది.

మనిషితో భాగిస్తే? అమెరికా పశువుల త్రేన్పుల లెక్క ఏటా సుమారు 70 లక్షల టన్నులు, జనం 33 కోట్లు. తలకు 21 కిలోలు. మనది 2016 లెక్కన కోటి టన్నులు దాటింది, జనం 130 కోట్లు. తలకు 8 కిలోలు. ఇక్కడ మళ్లీ మనమే మేలు. పశువుకో మాట, లీటరుకో మాట, మనిషికో మాట. మూడూ నిజమే. పశువును పెంచేవాడికి ఏం చెప్పాలో లీటరు లెక్క చెబుతుంది. అంతర్జాతీయ సభలో ఎవరు ముందు తగ్గాలో మనిషి లెక్క చెబుతుంది. ఒకదాని పని ఇంకోదానితో చేయించబోతేనే గొడవ.

ఒక చిన్న పక్కదారి. బ్రెజిల్‌లో 23 కోట్లకు పైగా పశువులున్నాయి. ప్రపంచంలో అత్యధికంగా గొడ్డు మాంసం ఎగుమతి చేసేది ఆ దేశమే. ఆ మందల్లో ఎక్కువ భాగం 'నెలోర్' జాతి. అంటే మన నెల్లూరు. 19వ శతాబ్దంలో మొదలై 1960ల దాకా ఓడలెక్కి వెళ్లిన ఒంగోలు గిత్తల సంతతి. 2006 పట్టికలో లాటిన్ అమెరికా మాంసపు పశువుకు ఏడాదికి 56 కిలోలు, మన ఉపఖండంలో పాడివి కాని పశువుకు 27. మూలం ఒకే జాతి అయినా, అక్కడ పెద్ద దేహం, విస్తారమైన పచ్చిక, మాంసం కోసం పెంపకం. ఇక్కడ చొప్ప, బక్క దూడ, సంతలో పడిన ధర. జాతిని తప్పుపట్టడానికేమీ లేదు, పెంచే తీరును బట్టే ఈ అంకె.

ఇప్పుడు వరికి. ఇది మన సొంత ఇల్లు కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు కూర్చుంటాను.

మడిలో నీరు నిలిచిన రెండు మూడు వారాలకు నేలలోని ప్రాణవాయువు ఖర్చయిపోతుంది. అప్పుడు మీథేన్ చేసే సూక్ష్మజీవులు పని మొదలుపెడతాయి. పుట్టిన వాయువులో అత్యధిక భాగం బుడగలుగా కాదు, వరి మొక్క కాండం లోపలి గొట్టాల గుండానే పైకి వస్తుంది. మధ్యలో నీరు తీసి, నేల సన్నగా నెర్రెలిచ్చేదాకా ఆరనిస్తే ఆ సూక్ష్మజీవులు దెబ్బతింటాయి. ఐపీసీసీ లెక్కలో సీజనులో ఒక్కసారి ఆరబెడితే మీథేన్ 100 నుంచి 71కి, చాలాసార్లు ఆరబెడితే 55కి దిగుతుంది. మన 110 రోజుల పంటకు హెక్టారుకు సుమారు 93 కిలోలు రావలసింది 51కి తగ్గుతుంది. దిగుబడి పోదు. చైనా రైతులు 1980 తర్వాత మధ్యలో ఆరబెట్టే పద్ధతికి పెద్దఎత్తున మారారు. వాతావరణం కోసం కాదు, నీళ్లు మిగలడం కోసం, దిగుబడి కోసం. ఫలితంగా 2000 నాటికి చైనా వరి మీథేన్ గణనీయంగా తగ్గిందని 2002లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. మీథేన్ మాట ఎత్తకుండానే ఇంత పని జరిగిందన్నమాట. వియత్నాం 2023 నవంబరులో మెకాంగ్ డెల్టాలో 10 లక్షల హెక్టార్లను 2030 నాటికి తక్కువ ఉద్గారాల వరిగా మార్చే కార్యక్రమాన్ని ఆమోదించింది. అక్కడ ఉద్గారాలు తగ్గించడం లక్ష్యంలోనే ఉంది.

మన దగ్గర? శ్రీ వరి 2003లో ఆంధ్రప్రదేశ్‌లో అడుగుపెట్టింది. మడగాస్కర్‌లో పుట్టిన పద్ధతి. నీళ్లు నిలపకుండా తడపడం అందులో ముఖ్య సూత్రం. కొన్నేళ్లు చాలా ఉత్సాహం కనిపించింది, తర్వాత తగ్గింది. లేత నారు తీసి దూరంగా నాటే కూలీలు దొరకలేదు, కలుపు తీసే కోనో వీడర్ తోయడం నడుం విరిచింది. ఆరుతడి అన్న మాట మన రైతుకు కొత్త కాదు. మరి ఎందుకు ఆరబెట్టడు?

దీనికి జవాబు ప్రాంతాన్ని బట్టి మారుతుంది, మాస్టారు అడిగే "ఏ పొలంలో?" ఇక్కడే పనికొస్తుంది. గోదావరి డెల్టాలో సార్వా పంటకు నీరు రైతు చేతిలో ఉండదు. బోదె నుంచి పై మడిలోకి, పై మడి నుంచి కింది మడిలోకి గండ్ల మీదుగా పారుతుంది. ఒకడు ఆరబెడతానంటే పక్కవాడి పంట ఎండుతుంది. పైగా ఆగస్టు వానల్లో మురుగు కాలువలే పొంగుతుంటే నీరు తీయడం ఎక్కడ? అక్కడ రైతుకు బోధిస్తే లాభం లేదు, డ్రెయిన్లు తవ్వాలి. దాళ్వాలో వంతులవారీగా నీరిస్తే కొంత సాధ్యం. తెలంగాణ యాసంగి వేరే కథ. బోరు రైతుదే, మీట రైతుదే. ఆరబెట్టడానికి ఏ అడ్డూ లేదు. కానీ 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత విద్యుత్తు. దానికి ఆటో స్టార్టర్ తోడైతే మోటారు తనంతట తనే నడుస్తుంది. నీళ్లు నిలిస్తే కలుపు రాదు, కలుపు తీసే కూలి మిగులుతుంది. రైతు తెలివితక్కువవాడు కాదు. అతని లెక్కలో నీటి ధర సున్నా, కూలి ధర రోజురోజుకూ పెరుగుతోంది. మనం ఆ లెక్క మార్చకుండా రైతుకు మీథేన్ పాఠం చెబితే అతను మర్యాదగా వింటాడు, అంతే.

చేయగలిగింది చాలా చిన్నది. కింది భాగంలో రంధ్రాలున్న ప్లాస్టిక్ గొట్టం మడిలో పాతాలి. లోపల నీటి మట్టం నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగినప్పుడు మళ్లీ తడి పెట్టాలి. పూత దశలో మాత్రం నీళ్లు ఉంచాలి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దీన్ని ప్రచారంలోకి తెచ్చింది. ఒక హెచ్చరిక కూడా ఉంది. నేల మాటిమాటికీ తడిసి ఆరుతుంటే, యూరియా ఎక్కువ వేసిన చోట నైట్రస్ ఆక్సైడ్ పెరుగుతుంది. అది ఇంకా బలమైన వాయువు. దక్షిణ భారత పొలాల్లో కొలిచిన ఒక బృందం 2018లో ఈ ప్రమాదాన్ని గట్టిగా చెప్పింది. దాని మీద వరి శాస్త్రవేత్తల్లో వాదోపవాదాలు జరిగాయి. నా అభిప్రాయం అడిగితే, నీరు తగ్గించే పథకం ఎరువు తగ్గించే సలహా లేకుండా పొలానికి రాకూడదు.

కోస్తా మిత్రులకు ఇంకో మాట. వరి చేలు తవ్వి చేపల చెరువులు చేసిన చోట మీథేన్ పోయిందనుకోకండి. 2019 సవరణలో మంచినీటి చెరువుకు హెక్టారుకు ఏడాదికి 183 కిలోలని ఇచ్చారు, ఉప్పునీటి చెరువుకు 30. కొల్లేరు చుట్టూ మంచినీటి చెరువుకూ, తీరాన ఉప్పు బాగా ఉన్న రొయ్యల చెరువుకూ మధ్య ఆరు రెట్ల తేడా ఉందన్నమాట. అయితే ఇది మన చెరువుల్లో కొలిచిన అంకె కాదు, ప్రపంచ సగటు.

ఇక్కడి దాకా పుట్టిన చోటే లెక్క రాశాం. తిన్న చోట రాస్తే? ప్రపంచ బియ్యం వ్యాపారంలో మన దేశానిది 40 శాతం దాకా ఉంటుంది. కాకినాడ రేవులో ఓడకెక్కే బియ్యం పశ్చిమ ఆఫ్రికాకు పోతుంది. ఆ బియ్యం మీథేన్ మన పుస్తకంలోనే ఉంటుంది, బెనిన్ పుస్తకంలో ఉండదు. దీని మీద మనం గట్టిగా మాట్లాడవచ్చు. కానీ మాట్లాడే ముందు వంటింట్లో పామాయిల్ ప్యాకెట్ చూడాలి. పామాయిల్‌ను ప్రపంచంలో అత్యధికంగా దిగుమతి చేసుకునేది మనమే, ఎక్కువగా ఇండోనేషియా, మలేషియాల నుంచి. అక్కడి మిల్లుల మురుగునీటిని బహిరంగ కుంటల్లో నిలవ ఉంచితే దట్టంగా మీథేన్ వస్తుంది. మన పకోడీల మీథేన్ సుమత్రా ఖాతాలో పడుతోంది. ఆహారపు గొలుసు మొదట్లోనూ ఇలాంటి మరుగు ఒకటి ఉంది. యూరియా సహజవాయువుతో తయారవుతుంది, సహజవాయువంటే మీథేనే. 2019లో అమెరికాలో ఎరువుల కర్మాగారాల పక్క రోడ్ల మీద కొలత పరికరం పెట్టిన కారు తిప్పి చూస్తే, కర్మాగారాలు స్వయంగా చెప్పుకున్న దానికి 100 రెట్లు లీకవుతోందని తేలింది. 1990లో మన వరిని తొమ్మిది రెట్లు ఎక్కువ చూపినవారు తమ కర్మాగారాలను 100 రెట్లు తక్కువ చూపారనడం కాస్త అతిశయోక్తి. అంచనా వేసింది ఒకరు, చెప్పుకున్నది ఇంకొకరు. అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

చివరి మజిలీ చెత్త. అమెరికా పర్యావరణ సంస్థ 2023 నివేదిక ప్రకారం అక్కడి చెత్త గుట్టల నుంచి తప్పించుకుపోయే మీథేన్‌లో 58 శాతం పారేసిన ఆహారానిదే. దక్షిణ కొరియా 2005లోనే ఆహార వ్యర్థాలను గుట్టల్లో పూడ్చడం నిషేధించింది. తర్వాత తూకాన్ని బట్టి ఇళ్ల నుంచి రుసుము వసూలు చేయడం మొదలుపెట్టింది. ధనిక దేశాలవాళ్లే ఆహారం పారేస్తారని మనం చాలాకాలం అనుకున్నాం. ఐక్యరాజ్యసమితి 2024 ఆహార వ్యర్థాల సూచిక ఆ నమ్మకాన్ని పోగొట్టింది. ఇళ్లలో పారేసే ఆహారం విషయంలో ధనిక దేశాలకూ మధ్యస్థాయి దేశాలకూ తలకు ఏడాదికి తేడా 7 కిలోలే. మన దేశంలో తలకు 55 కిలోలని ఆ నివేదిక అంచనా.

ఇందులో మనకు ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. 5 మీటర్ల లోపు ఎత్తున్న, ఎవరూ పట్టించుకోని చెత్తకుప్పలో గాలి ఆడుతుంది కాబట్టి మీథేన్ తక్కువ. ఐపీసీసీ దానికి 0.4 గుణకం ఇస్తుంది. కుప్ప 5 మీటర్లు దాటితే 0.8. మట్టి కప్పి పద్ధతిగా పూడిస్తే 1. ఊరి బయట చిన్న కుప్పలన్నీ ఎత్తి నగరం చివర ఒకే కొండ చేస్తే వీధి శుభ్రమవుతుంది, మీథేన్ రెట్టింపవుతుంది. ఢిల్లీ ఘాజీపూర్ గుట్ట 2019 నాటికి 65 మీటర్లకు చేరింది. 2024 ఏప్రిల్‌లో తగలబడింది. ఢిల్లీ, ముంబై, లాహోర్, బ్యూనస్ ఎయిరీస్ నగరాలను ఉపగ్రహాలతో చూసిన శాస్త్రవేత్తలు 2022లో ప్రకటించినదేమిటంటే, ఆ నగరాల అసలు మీథేన్ లెక్కల్లో ఉన్నదానికి 1.4 నుంచి 2.6 రెట్లు. ఒక చోట గుట్టగా వచ్చేది ఉపగ్రహానికి సులువుగా దొరుకుతుంది. లక్షల మడుల మీద పలచగా పరచుకున్నది అంత సులువుగా దొరకదు. కాబట్టి ఇకపై ప్రపంచం ముందు మన నగరాలే మొదట పట్టుబడతాయి, పల్లెలు కాదు.

మార్గం తెలియక కాదు. హైదరాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్‌లో రోజుకు 10 టన్నుల కూరగాయల వ్యర్థం నుంచి గ్యాస్, కరెంటు తీసే ప్లాంటు హైదరాబాద్‌లోనే ఉన్న రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ సాంకేతికతతో నడిచింది. ఇండోర్‌లో 2022లో రోజుకు 550 టన్నుల తడి చెత్తను గ్యాస్‌గా మార్చే ప్లాంటు మొదలైంది. ఇండోర్‌లో అది నడవడానికి కారణం యంత్రం కాదు, ఇంటి గుమ్మం దగ్గరే తడి, పొడి చెత్త వేరవడం. మన నగరాల్లో రెండు బుట్టలూ చివరికి ఒకే లారీలో కలుస్తున్నంతకాలం ఏ ప్లాంటూ నిలవదు.

2021 నవంబరులో గ్లాస్గోలో ప్రపంచ మీథేన్ ప్రతిజ్ఞ వచ్చింది. 2020 స్థాయి నుంచి 2030 నాటికి 30 శాతం తగ్గించాలని. 150కి పైగా దేశాలు చేరాయి. భారత్ చేరలేదు. మన మీథేన్‌కు మూలం పశువులూ వరీ అని, అవి చిన్న, సన్నకారు రైతుల జీవనాధారమని మన ప్రభుత్వ వాదన. చేరినవారి తీరు కూడా చూడండి. న్యూజిలాండ్ పశువుల మీద రుసుము ప్రతిపాదించి, 2024లో పక్కన పెట్టేసింది. డెన్మార్క్ 2030 నుంచి పశువుల ఉద్గారాల మీద పన్ను వేయడానికి సిద్ధమైంది. సంతకం ఉన్నంత మాత్రాన పని జరగదు, లేనంత మాత్రాన ఆగదు.

చేరకపోవడాన్ని నేను తప్పుపట్టను. 1991లో మనం చేసిన వాదన న్యాయమైనది, నేటికీ న్యాయమైనదే. కానీ ఆ వాదన రెండు గేదెలున్న ఆడమనిషికి గొడుగు పట్టడానికి పుట్టింది. ఆ గొడుగు కింద ఘాజీపూర్ గుట్టను, హైదరాబాద్ జవహర్‌నగర్ చెత్త గుట్టను, రాత్రంతా ఆగకుండా నడిచే మోటారును దాచడం అన్యాయం. ఇక కొలత సంగతి. మిత్ర గారు కొలిచి గెలిచారు. ఆ తర్వాత మనం కొలవడం తగ్గించి, గెలుపును మాత్రం ఉంచుకున్నాం. మూడు దశాబ్దాల్లో మన వంగడాలు మారాయి, యాసంగి వరి విస్తీర్ణం పెరిగింది, దేశవాళీ ఆవు స్థానంలో సంకరజాతి ఆవూ ముర్రా గేదే వచ్చాయి. 1991 నాటి పెట్టెలు 1991 నాటి పొలాల మీద బోర్లించినవి.

కాబట్టి ఇక్కడ ఉన్న రెండు రాష్ట్రాల వ్యవసాయ, పశువైద్య విశ్వవిద్యాలయాల పెద్దలకు నా విన్నపం ఒక్కటే. గోదావరి డెల్టాలో ఒకటి, నల్లగొండ ఆయకట్టులో ఒకటి, కరీంనగర్ బోరు కింద ఒకటి, కొల్లేరు చేపల చెరువు మీద ఒకటి, ఒక పాల సొసైటీ గ్రామంలో ఒకటి చొప్పున శాశ్వత కొలత కేంద్రాలు పెట్టండి. ఐదేళ్లపాటు, ప్రతి సీజనులో కొలవండి. మీథేన్‌తో పాటు నైట్రస్ ఆక్సైడ్‌నూ కొలవండి. హెక్టారుకు, కిలో ధాన్యానికి, లీటరు పాలకు, మనిషికి, నాలుగు విధాలా భాగించి ఏటా తెలుగులో ప్రచురించండి. ఈ స్మారక నిధి నుంచి వచ్చే వడ్డీ ఒక కేంద్రానికి కావలసిన పెట్టెలకూ ఒక విద్యార్థి భత్యానికీ సరిపోతుంది. వచ్చే ఏడాది ఉపన్యాసం మానేసి ఆ సొమ్ము దానికివ్వమని కుటుంబ సభ్యులను కోరుతున్నాను.